మీ బడికి మొబైల్ ప్లానెటేరియం రప్పించాలంటే

మొబైల్ ప్లానెటేరియం అంటే నాలుగు వస్తువులు: గాలితో ఉబ్బే గుడ్డ గోపురం (డోమ్), ఆ గాలి కొట్టే బ్లోయరు, ఆకాశాన్ని డోమ్ లోపలి గోడంతా పరిచే ప్రొజెక్టరు, దాన్ని నడిపే ల్యాప్‌టాప్. వీటికి తోడు చీకట్లో కూర్చుని మాట్లాడే ఒక మనిషి. డబ్బు కట్టేది వస్తువులను చూసే అయినా, పిల్లలకు ఏమైనా మిగిలితే అది ఆ మనిషి మాట వల్లే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బడి నడిపేవారికి దీని అవసరం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదులో బిర్లా ప్లానెటేరియం 1985 నుంచీ ఉంది. ఇచ్ఛాపురం నుంచో బొబ్బిలి నుంచో నలభై మందిని అక్కడికి తీసుకెళ్ళాలంటే రాత్రంతా రైలు ప్రయాణం, అక్కడ బస, ఇంటింటి సంతకాలు, ఆడపిల్లలకు తోడుగా టీచర్లు. అంత చేసినా చూసేది ఆ నలభై మందే. డోమే ఊరికి వస్తే రెండు రోజుల్లో బడంతా చూస్తుంది.

కాకపోతే చాలాచోట్ల ఇది సినిమా ఆటలా ముగిసిపోతోంది. పిల్లలు వరసగా లోపలికి వెళ్తారు, డైనోసార్లో రాకెట్లో చూస్తారు, కేకలు వేస్తారు, బయటికొచ్చి ఫొటో దిగుతారు. అంతటితో సరి. కింద చెప్పిన ఏర్పాట్లన్నీ ఒక్క పని కోసం: డోమ్‌లో చూపించిన చుక్కను పిల్లవాడు ఆ రాత్రి తన ఇంటి ముందు నిలబడి వెతికి పట్టుకోవాలి. తేదీ, ఆపరేటరు, బ్యాచ్‌ల సంఖ్య, అన్నీ ఈ లెక్కతోనే తేల్చుకోండి.

1. తేదీ ఖాయం చేయడం

గోడ మీది తెలుగు క్యాలెండరు ముందేసుకుని కూర్చోండి. ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు కాబట్టి సభ పెట్టడానికి బాగుంటుంది కానీ, ఆ నెలలో మన ఆకాశం నిండా మబ్బులే. అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవం. అప్పుడు ఆపరేటర్లు ఖాళీగా దొరకరు. పైగా దసరా సెలవులు, విజయనగరంలో అయితే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం హడావుడి. వీటన్నిటినీ దాటినా తుఫాను ఉండనే ఉంటుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. ఈ తీరంలో అక్టోబరు నెలను నమ్ముకుని అడ్వాన్సు కట్టడం తెలివైన పని కాదు.

నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా మంచి కాలం. సంక్రాంతి సెలవులు, పరీక్షల రోజులు కొట్టేయండి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం అందరికీ నచ్చే తేదీ. అయితే అప్పటికి పదో తరగతి పిల్లలు, వాళ్ళ మాస్టార్లు పబ్లిక్ పరీక్షల గుబులులో ఉంటారు. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి, డోమ్‌లో ఉక్క కూడా మొదలవుతుంది.

మిగిలిన రోజుల్లో తిథి చూడండి. అమావాస్య దాటాక విదియ నుంచి షష్ఠి లోపు రోజులు నా ఉద్దేశంలో అన్నిటికన్నా మేలు. సాయంత్రం పడమట నెలవంక కనబడుతుంది, అది త్వరగా అస్తమిస్తుంది, తరవాత చుక్కలకు అడ్డు ఉండదు. పౌర్ణమి దగ్గర పడే రోజు మాత్రం వద్దు. డోమ్‌లో వేల నక్షత్రాలు చూసి ఇంటికెళ్ళిన పిల్లవాడికి వెన్నెల్లో పది చుక్కలు కూడా కనబడకపోతే చూపించిందంతా కల్పన అనుకుంటాడు.

2. ఆపరేటరును ఎంచుకోవడం

జిల్లా సైన్స్ అధికారి కార్యాలయంలో అడగండి, సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక స్థానిక కార్యకర్తలను అడగండి, గత ఏడాది పెట్టించుకున్న పక్క మండలం బడిని తప్పకుండా అడగండి. దూరం నుంచి వచ్చేవారికి రవాణా ఖర్చే ఎక్కువ. అందుకని ఒంటరిగా పిలవకుండా మీ స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని మూడు నాలుగు బడులు కలిసి వరస రోజులకు మాట్లాడుకుంటే భారం తగ్గుతుంది.

ఫోనులో ఈ సంగతులు తేల్చుకోండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా కూడా తెప్పించుకోండి. డోమ్ వ్యాసం ఎంత, ఎత్తు ఎంత? ఒకసారికి ఎంతమంది? రేటు రోజుకా, పిల్లల తలకు ఇంతని లెక్కా? తలకు లెక్కయితే ఎక్కువమందిని కుక్కేద్దామన్న ఆశ వాళ్ళకుంటుంది కాబట్టి రోజు రేటే నయం. గుడ్డ నిప్పు త్వరగా అంటుకోని రకమేనా, దానికి పత్రం ఉందా? ప్రొజెక్టరుకు యూపీఎస్ ఉందా? బిల్లు ఇస్తారా?

ప్రొజెక్టరు ఏ పద్ధతిదో కూడా కనుక్కోండి. చేపకన్ను లెన్సు పద్ధతిలో యంత్రం డోమ్ నడిమధ్య ఉంటుంది. బొమ్మ చుట్టూ సమానంగా పడుతుంది కానీ మధ్య జాగా పోతుంది. గుండ్రంగా ఉబ్బిన అద్దం మీదికి వెలుగు కొట్టి దాన్ని డోమ్ అంతా పరిచే పద్ధతిలో యంత్రం ఒక అంచున ఉంటుంది. జాగా మిగులుతుంది, స్పష్టత కొన్నిచోట్ల తగ్గుతుంది. బడి పిల్లలకు రెండూ పనికొస్తాయి. ఏది వస్తుందో ముందే తెలిస్తే కూర్చోబెట్టే తీరు ఆలోచించుకోవచ్చు.

చివరగా అసలు ప్రశ్న: "ఆ రోజు రాత్రి మా ఊళ్ళో కనబడే ఆకాశాన్ని, మాట్లాడుతూ, తెలుగులో చూపిస్తారా?" కొందరి దగ్గర రికార్డు చేసిన ఇంగ్లీషు, హిందీ వీడియోలు తప్ప ఏమీ ఉండవు. మీట నొక్కి బయట కూర్చుంటారు. అలాంటివారికి మర్యాదగా నమస్కారం పెట్టేయండి. స్టెలేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఊరు, తేదీ, వేళ ఇస్తే ఆ ఆకాశం వచ్చేస్తుంది. అది వాడటం తెలిసిన ఆపరేటరు అయితే, దగ్గర వీడియోలు తక్కువ ఉన్నా ఫరవాలేదు. మనిషి మంచివాడే కానీ తెలుగు రాదంటే, మీ సైన్స్ మాస్టారే మాట్లాడేలా ఒప్పందం చేసుకోండి. ఒక పూట సాధన చేస్తే చాలు.

3. చోటు కొలవడం

అయిదు మీటర్ల డోమ్‌కు చుట్టూ తిరిగే దారి, బ్లోయరు, ప్రవేశ సొరంగం కలుపుకుని ఏడు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు చదునైన నేల కావాలి. ఎత్తు సుమారు మూడున్నర మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు. మామూలు తరగతి గదిలో ఇది పట్టదు. ఎత్తు కొలిచేటప్పుడు శ్లాబు దాకా కాదు, ఫ్యాను రెక్కల దాకా కొలవాలి. వెదురు కర్ర ఒకటి తీసుకుని డోమ్ ఎత్తు దగ్గర తాడు కట్టి, గదంతా తిరుగుతూ నిలబెట్టి చూస్తే దూలం ఎక్కడ తగులుతుందో, లైటు ఎక్కడ వేలాడుతోందో తెలిసిపోతుంది. డోమ్ పైన పడే ఫ్యాన్ల స్విచ్చుల మీద కాగితం అతికించి "వేయరాదు" అని రాయించండి. అలవాటుకొద్దీ ఎవరో ఒకరు వేసేస్తారు.

అంత హాలు లేకపోతే ఊళ్ళోని కళ్యాణ మండపం, సామాజిక భవనం, తీర గ్రామాల్లో తుఫాను రక్షణ భవనం చూడండి. అక్కడా ఆ కర్రే కొలత. మైదానంలో వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సముద్రపు గాలి పదకొండు గంటలకల్లా ఊపందుకుంటుంది. గాలితో నిండిన డోమ్ తేలిక, దాన్ని పట్టి ఉంచే బరువు ఏమీ ఉండదు. నేలలో ముళ్ళు, గులకరాళ్ళు సరేసరి.

రేకుల షెడ్డు తప్ప మరో దారి లేకపోతే ఉదయం పూట ఆటలు మాత్రమే పెట్టుకోండి. కూర్చున్న మనిషి ఒంటి నుంచి 70 నుంచి 100 వాట్ల వేడి వస్తుంది. ముప్పైమంది అంటే రెండు మూడు కిలోవాట్ల వేడి ఆ గుడ్డ లోపల చేరుతుంది. దాన్ని తోసేది బ్లోయరు గాలే. ఆ గాలి ఎక్కడి నుంచి పీలుస్తోందో చూసుకోవాలి. మధ్యాహ్న భోజనం వండే పొయ్యికి గాలివాటున బ్లోయరు పెడితే పదకొండింటికి పోపు ఘాటు, కట్టెల పొగ మొత్తం డోమ్‌లోకి వెళ్తాయి. పిల్లలు దగ్గుతూ, నవ్వుతూ ఆకాశం సంగతి మరిచిపోతారు. నీడ ఉన్న, దుమ్ము లేని వైపు పెట్టించండి.

నేలను ముందురోజు తుడిపించి పరదాలో, చాపలో పరిపించండి. హాలు కటిక చీకటిగా ఉండనక్కరలేదు. డోమ్ గుడ్డ వెలుగును చాలావరకు ఆపుతుంది. ఎండ నేరుగా పడే కిటికీలకు మాత్రం పాత ఫ్లెక్సీలు కట్టించండి.

4. కరెంటు

బ్లోయరు, ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్, స్పీకర్లు అన్నీ కలిసి సాధారణంగా ఒకటి నుంచి ఒకటిన్నర కిలోవాట్ల లోపే. 230 వోల్టుల దగ్గర 1200 వాట్లు అంటే అయిదు ఆంపియర్లు దాటుతుంది. చిన్న సాకెట్టు అంచుల్లోకి వెళ్ళినట్టే. అందుకని 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి సరైన ఎర్తింగు ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అదే లైను మీద నీళ్ళ మోటారు ఉంటే ఆట నడిచేటప్పుడు దాన్ని వేయనివ్వవద్దు. ట్యాంకు తెల్లవారుజామునే నింపుకోవాలి.

వారం ముందు లైన్‌మన్‌కు, సబ్‌స్టేషన్‌కు తేదీ చెప్పి ఆ రోజు మరమ్మతుల పేరుతో సరఫరా ఆపే ఆలోచన ఉందేమో కనుక్కోండి. ఒక చిన్న జనరేటరు, ఊళ్ళో టెంటుహౌస్ వాళ్ళదయినా సరే, అందుబాటులో ఉంచుకోండి. దాని పొగ బ్లోయరు వైపు రాకూడదు. బల్బు రకం ప్రొజెక్టరు నడుస్తుండగా కరెంటు పోతే లోపలి ఫ్యాను ఆగి బల్బు దెబ్బతింటుంది. యూపీఎస్ సంగతి ముందు అడగమన్నది ఇందుకే.

కరెంటు పోతే డోమ్ మీద పడిపోతుందన్న భయం అక్కరలేదు. గుడ్డ మెల్లగా వాలుతుంది, బయటికి రావడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. టార్చి పట్టుకున్న టీచరు ద్వారం తెరిచి, "ఎవరూ లేవకండి, ద్వారం దగ్గర వరస ముందు, తరవాత రెండో వరస" అని చెబితే చాలు. ఈ మాట ప్రతి బ్యాచ్‌కూ లోపలికి వెళ్ళకముందే చెప్పాలి.

5. బ్యాచ్‌లు వేయడం

ఇక్కడ మొహమాటం పనికిరాదు. అయిదు మీటర్ల డోమ్‌లో ముప్పైమంది సుఖంగా కూర్చుంటారు. ఆట ముప్పై నిమిషాలు, లోపలికి వెళ్ళి రావడానికి పది. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెడితే పన్నెండుంబావు లోపు నాలుగు ఆటలు, భోజనం తరవాత ఒంటిగంట పదికి మొదలుపెడితే నాలుగు లోపు మరో నాలుగు. మొత్తం ఎనిమిది ఆటలు, రెండువందల నలభైమంది. మీ బడిలో నాలుగువందలమంది ఉంటే రెండు రోజులు కావాలి, లేదా కొన్ని తరగతులను వచ్చే ఏడాదికి ఆపాలి. ఆటను పదిహేను నిమిషాలకు కోసి అందరినీ తోసేస్తే ఎవరూ ఏమీ చూడరు.

ఒకటి నుంచి మూడో తరగతి పిల్లలకు మాత్రం చిన్న ఆట చాలు. సూర్యుడు, చంద్రుడు, నాలుగు చుక్కలు చూపించి పంపండి. భోజనం అయిన వెంటనే వచ్చే మొదటి బ్యాచ్‌గా పెద్ద పిల్లల్ని పెట్టండి. నిండు కడుపుతో తిరిగే ఆకాశం చూస్తే చిన్నవాళ్ళకు కడుపులో తిప్పుతుంది.

ప్రారంభోత్సవం గురించి ఒక మాట. ఎంఈఓ గారు వస్తారు, సర్పంచి గారు వస్తారు, దాతలు వస్తారు, రావాలి కూడా. కానీ ఒక్కో ప్రసంగం ఒక్కో బ్యాచ్‌ను తినేస్తుంది. ఆ సభ ముందురోజు సాయంత్రమో, ప్రార్థన వేళలోనో ముగించి, పెద్దలను మొదటి ఆటకు పిల్లల మధ్యే కూర్చోబెట్టండి. జ్యోతి ప్రజ్వలన, కర్పూరం, అగరుబత్తి డోమ్ ఉన్న హాల్లో వద్దు. అవన్నీ వేదిక దగ్గరే.

6. ఇళ్ళకు కబురు

తల్లిదండ్రులకు అరపేజీ ఉత్తరం సరిపోతుంది. ఏమిటి, ఎప్పుడు, డబ్బు అడుగుతున్నారా లేదా. ప్రభుత్వ బడుల్లో పిల్లల దగ్గర వసూలు చేయకుండా పూర్వ విద్యార్థులనో, పేరెంట్స్ కమిటీ ద్వారా దాతలనో అడగడం మర్యాద. డబ్బు తెచ్చుకోలేని ఒక్క పిల్లవాడు బయట నిలబడినా ఆ పూటంతా చేదవుతుంది.

అదే ఉత్తరంలో చీకటి భయం, ఉబ్బసం, మూర్ఛ ఉన్నాయేమో రాయమనండి. అలాంటి పిల్లలను ద్వారం పక్కన, తెలిసిన టీచరు పక్కన కూర్చోబెట్టాలి. పాకుతూ వెళ్ళే సొరంగం చక్రాల కుర్చీకి పనికిరాదు. డోమ్ అంచు ఎత్తి లోపలికి తీసుకెళ్ళే వీలుందా అని ఆపరేటరును ముందే అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరును ఆ రోజు రమ్మంటే ఎంతో సాయం. సరిగా వినబడని పిల్లలకు దీపాలు ఆర్పకముందే చూడబోయేది బొమ్మ గీసి చెప్పాలి, చీకట్లో పెదవులు కనబడవు కదా.

7. ముందు వారం ఒక పీరియడు

దిక్కులు తెలియని పిల్లవాడికి డోమ్ ఒక రంగుల గొడుగే. ముందు వారం మైదానంలో నాలుగు దిక్కులూ సున్నంతో గీయించండి. తరవాత పిడికిలి కొలత నేర్పండి: చేయి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు.

ఇప్పుడు లెక్క. శ్రీకాకుళం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీలు, విజయనగరానిది 18.1. ధ్రువ నక్షత్రం ఏ ఊళ్ళో అయినా అక్షాంశం ఎంతో దాదాపు అంత ఎత్తులో ఉంటుంది. అంటే మనకు ఉత్తరాన రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ ఎత్తులో. అది చాలా ప్రకాశవంతమైన చుక్క అని పిల్లలంతా చెబుతారు, కొందరు పెద్దలు కూడా. నిజానికి మామూలు వెలుగే. మన దగ్గర అది కొబ్బరి తోపు వెనక్కి పోయేంత కిందికి ఉంటుంది కూడా. ఈ సంగతి ముందే తెలిసిన పిల్లవాడు డోమ్‌లోకి వెళ్ళగానే ఉత్తరం ఎటో వెతుక్కుంటాడు.

పిల్లలకు ఒక ఇంటిపని ఇవ్వండి. అమ్మమ్మలు, తాతలు ఏ చుక్కల గుంపును ఏ పేరుతో పిలుస్తారో, కోళ్ళు కూయకముందు లేచే రోజుల్లో వేళ ఎలా తెలుసుకునేవారో అడిగి రాసుకురమ్మనండి. కళింగపట్నం, భావనపాడు వైపు బడులైతే రాత్రి వేటకు వెళ్ళిన పెద్దాయన ఒకరిని తరగతికి పిలవండి. ఆయన చెప్పే సంగతులు ఏ పుస్తకంలోనూ ఉండవు.

సమయం ఉంటే మన ప్రాంతపు ఖగోళ చరిత్ర కూడా చెప్పవచ్చు. విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం అక్కడి నుంచి పరిశీలించారు. ఇప్పటి నుంచి చూస్తే అలాంటి దృశ్యం మళ్ళీ 2117 దాకా లేదు. దూరదర్శిని పట్టుకున్నవారు ఎక్కడో విదేశాల్లోనే ఉంటారన్న ఊహ దీనితో పోతుంది.

8. ఏం చూపించాలో ఆపరేటరుతో కూర్చుని రాసుకోవడం

ముందురోజు సాయంత్రమే ఆపరేటరు ఊరు చేరేలా చూసుకోండి. రాత్రి భోజనం తరవాత ఓ గంట ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆట రూపం మారిపోతుంది. నేనైతే ఈ వరస పెడతాను.

మొదట మీ ఊరి సూర్యాస్తమయం, ఆ రోజు తేదీతోనే. వెలుగు మెల్లగా తగ్గాలి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఆ రెండు మూడు నిమిషాలు అవసరం. నెలవంక, ఆ నెలలో సాయంత్రం పూట కనబడే గ్రహాలు, తరవాత చుక్కలు. డిసెంబరు చివర రాత్రి ఏడున్నర ప్రాంతంలో తూర్పున మృగశిర ఉన్న వేటగాడి (ఒరాయన్) మండలం లేస్తుంటుంది, దానికి పైన ఎర్రటి రోహిణి, ఇంకా పైన గుప్పెడు చుక్కల కృత్తికలు. ఉత్తరాన ఎం అక్షరంలా శర్మిష్ఠ (కాసియోపియా) మండలం. ఇంతే. ముప్పై మండలాలు చూపించనివ్వకండి. మూడు నేర్పితే మూడూ గుర్తుంటాయి.

సప్తర్షి మండలం దగ్గర జాగ్రత్త. విదేశాల్లో తయారైన వీడియోల్లో అది ఎప్పటికీ అస్తమించదని చెబుతారు. వాళ్ళ అక్షాంశంలో అది నిజం. మన దగ్గర మొత్తంగా కిందికి దిగిపోతుంది. డిసెంబరు సాయంత్రం ఎంత వెతికినా కనబడదు. అందుకే ఆ కాలంలో ధ్రువ నక్షత్రాన్ని శర్మిష్ఠ సాయంతో పట్టుకోవడం నేర్పాలి. ఫిబ్రవరిలో మీ ఆట అయితే రాత్రి తొమ్మిదింటికి ఈశాన్యంలో సప్తర్షులు లేస్తారు. అదే వేళకు దక్షిణాన అగస్త్య నక్షత్రం తన గరిష్ఠ ఎత్తులో ఉంటుంది, సుమారు 19 డిగ్రీలు. ఉత్తరాన ధ్రువుడు రెండు పిడికిళ్ళు, దక్షిణాన అగస్త్యుడు రెండు పిడికిళ్ళు. లండన్ పిల్లలకు అగస్త్యుడు జన్మలో కనబడడు.

ఆ తరవాత అరసవల్లి. శ్రీకాకుళం జిల్లాలో ఇది చూపించని ప్లానెటేరియం ఆట నా లెక్కలో సగం ఆటే. ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్ళీ అక్టోబరు 1, 2 తేదీల్లో సూర్యకిరణాలు గుడిలోని మూలవిరాట్టు పాదాల మీద పడతాయని పిల్లలందరికీ తెలుసు. ఎందుకు రెండుసార్లో తెలియదు. డోమ్‌లో వేళను ఏ తేదీకి ఆ తేదీ సూర్యోదయం దగ్గర ఉంచుతూ, తేదీని ముందుకు జరిపించండి. సూర్యుడు ఉదయించే చోటు తూర్పు గోడ మీద అటూ ఇటూ ఊగుతుంది. డిసెంబరులో తూర్పుకు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్‌లో అంతే ఉత్తరంగా. ఉత్తరానికి వస్తూ మార్చి రెండో వారంలో ఒక చోటు దాటుతాడు, తిరిగి దక్షిణానికి పోతూ అక్టోబరు మొదట్లో దాదాపు అదే చోటు దాటుతాడు. రెండుసార్లూ సరిగ్గా తూర్పుకు నాలుగైదు డిగ్రీలు దక్షిణంగా. ఆ రెండు తేదీల దగ్గర ఆపి, "చోటు మారిందా?" అని అడిగి ఊరుకోండి. జవాబు పిల్లలే అరుస్తారు. గుడి కట్టినవారు ఆకాశాన్ని ఎంత శ్రద్ధగా గమనించారో విడిగా ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

ఇదే పద్ధతిలో మధ్యాహ్న సూర్యుణ్ణి కూడా చూపించవచ్చు. మన అక్షాంశంలో ఏటా రెండుసార్లు, మే నడుమ ఒకసారి, జూలై చివర ఒకసారి సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడ ఉండదు.

పై తరగతులకు మరొక్కటి: కార్తీక పౌర్ణమి నాటి చంద్రుణ్ణి చూపించి పక్కనున్న చుక్కలేవో చెప్పమనండి. కృత్తికలు. మాఘ పౌర్ణమికి మఖ దగ్గర. నెలల పేర్ల వెనకున్న లెక్క అక్కడికక్కడే తెలుస్తుంది. దీని వెంటే "నా రాశి చూపించండి సార్" అని ఒకడు తప్పకుండా అడుగుతాడు. చుక్కల గుంపు చూపించండి, జాతకంలోకి మాత్రం దిగవద్దని ఆపరేటరుకు గట్టిగా చెప్పి ఉంచండి.

ఇవన్నీ అయ్యాక సమయం మిగిలితే శనిగ్రహ వలయాలు, చంద్రుడి గుంతలు, ఒక వీడియో ముక్క. ఆకాశాన్ని గిర్రున తిప్పే విన్యాసం వద్దు, వాంతులు ఖాయం.

9. ఆ రోజు

పొద్దున్న ఎనిమిదికల్లా డోమ్ పరచడం మొదలవ్వాలి. గుడ్డ పూరీలా పొంగే ఆ పది పదిహేను నిమిషాలు పిల్లలకు చూడాలని ఉంటుంది. ప్రార్థనకు వచ్చినవాళ్ళను దూరం నుంచి చూడనివ్వండి. లేకపోతే రోజంతా కిటికీలకు వేలాడతారు.

టీచర్ల పని పంచుకోండి. బ్లోయరు ప్లగ్గు దగ్గర ఒకరు, ఇది పీఈటీ మాస్టారికి ఇస్తే దాని దరిదాపులకు ఎవరూ పోరు. ద్వారం దగ్గర ఒక టీచరమ్మ, లోపల టార్చితో ఒకరు, తరవాతి బ్యాచ్‌ను నీళ్ళు తాగించి, మరుగుదొడ్డికి పంపి సిద్ధంగా ఉంచేందుకు ఒకరు. జేబుల్లోని పెన్నులు, కంపాస్ ముల్లులు, పిన్నులు బయట పళ్ళెంలో వేయించండి. డోమ్ గుడ్డకు శత్రువు కంపాస్ ముల్లే.

బూట్ల సంగతి చిన్నదిగా కనబడుతుంది కానీ ఆలస్యమంతా అక్కడే. ప్రభుత్వం ఇచ్చే కిట్‌లో వచ్చిన నల్లబూట్లన్నీ ఒకే రకం. ముప్పై జతలు కుప్ప పడితే బయటికొచ్చాక పది నిమిషాలు వెతుకులాట, రెండు తగవులు, ఒక ఏడుపు. ముందే అడుగున సుద్దతో రోల్ నంబరు రాయించి, బ్యాచ్‌కో పరదా వేసి వరసగా పెట్టించండి.

దీపాలు ఆర్పగానే అందరూ ఒక్కసారి కేక పెడతారు. ఆపకండి, అర నిమిషంలో దానంతటదే ఆగుతుంది. ఆ తరవాత టీచర్ల ఫోను వెలుగు తప్ప ఆటను పాడుచేసేది ఏదీ ఉండదు. అందుకని ఫోన్లు బయటే. ఫొటోలు డోమ్ బయట తీసుకోండి. పిల్లల ముఖాలున్న ఫొటోలు ఇంటివారిని అడగకుండా గ్రూపుల్లో పెట్టవద్దు.

ప్రతి మూడు ఆటలకూ ఆపరేటరుకు పది నిమిషాలు విశ్రాంతి, మజ్జిగ ఇవ్వండి. గొంతు పోయిన మనిషి మధ్యాహ్నం నుంచి వీడియో మీట నొక్కేస్తాడు.

10. ఆ రాత్రి

బయటికి వచ్చే ప్రతి పిల్లవాడి చేతిలో ఒక చీటీ పెట్టండి. మూడే పనులు. డిసెంబరులో అయితే ఏడున్నరకు తూర్పు వైపు తిరిగి రోహిణిని పట్టుకోవాలి. కృత్తికల్లో కంటికి ఎన్ని చుక్కలు కనబడ్డాయో లెక్కపెట్టి రాయాలి. ఇంటివారిలో ఒకరికి చూపించి వారి సంతకం తీసుకోవాలి. డాబా మీదికి ఎక్కేటప్పుడు, పొలం గట్టు వైపు వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళ తోడు ఉండాలని కూడా రాయండి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదన్న హెచ్చరిక చీటీ అడుగున ఉండాలి, అరసవల్లి కథ విన్నాక కొందరు ప్రయత్నిస్తారు.

మబ్బు పడితే చీటీకి మూడు రోజుల గడువు ఇవ్వండి. శ్రీకాకుళం పట్టణం నడిబొడ్డున ఉన్న పిల్లలకు కృత్తికల్లో నాలుగైదు కూడా కనబడకపోవచ్చు, గార, పూసపాటిరేగ పల్లెల పిల్లలకు ఆరేడు కనబడతాయి. ఈ తేడా ఎందుకని మర్నాడు తరగతిలో అడిగితే వీధి దీపాల గురించి మంచి చర్చ నడుస్తుంది.

డోమ్ విప్పేటప్పుడు చెమట తేమతో గుడ్డ లోపల తడిగా ఉంటుంది. మన తీరపు గాలికి అలాగే మడిస్తే బూజు పడుతుంది. ఆపరేటరు తొందరపడినా ఇంకో పావుగంట బ్లోయరు నడిపి ఆరబెట్టుకోనివ్వండి, తరవాతి బడి పిల్లలు పీల్చేది ఆ గాలే. బిల్లు తీసుకుని అదే రోజు డబ్బు ఇచ్చేయండి. స్టెలేరియం సాఫ్ట్‌వేర్‌ను బడి కంప్యూటర్‌లో ఆపరేటరుతోనే వేయించి, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయించి పంపండి. చీటీలు వెనక్కి వచ్చాక ఎన్ని వచ్చాయో, ఏ తరగతి నుంచి ఎక్కువ వచ్చాయో కాంప్లెక్స్‌లోని తరవాతి బడి మాస్టారికి ఫోను చేసి చెప్పండి, వాళ్ళు బ్యాచ్‌లు వేసుకోవడానికి పనికొస్తుంది.